ఆదర్శ దిమ్మె

కుళ్ళాయప్ప చీనీ తోటను చంపింది కరువు కాదు, ఒక కాంక్రీటు దిమ్మె. ఇందులో వాదనకేమీ లేదు. కరువు ఆ ఊరికి కొత్తది కాదు. ఏటా వచ్చే చుట్టం. దానికి ఏం పెట్టాలో, ఎన్నాళ్ళకు లేచి పోతుందో అందరికీ తెలుసు. దిమ్మె అట్లా కాదు. అది అర టన్ను బరువు. వచ్చింది, కూర్చుంది, లేవలేదు.

కుళ్ళాయప్పకు అరవై రెండేళ్ళు. ఊళ్ళో బడి ఎంతవరకు ఉందో అంతవరకు, అంటే ఏడో తరగతి దాకా చదివాడు. భార్య సుంకమ్మ పోయి నాలుగేళ్ళు. ఆమె పోయాక మనుషులతో మాట్లాడటం తగ్గించాడు. మాట్లాడాలనిపిస్తే తోటలో చెట్లతో మాట్లాడేవాడు. అవి పరామర్శకు రావు. వచ్చి కాఫీ తాగి, లేచేటప్పుడు 'ధైర్యంగా ఉండప్పా' అనవు.

తోట రెండెకరాలు. చెట్లు రెండు వందల ఇరవై, అన్నీ చీనీ, అంటే బత్తాయి. బోరు ఒకటి. బోరు పక్కన స్తంభంలా నాటిన నిలువెత్తు రాతి కూసం, దానికి బిగించిన మోటారు స్టార్టరు పెట్టె. ఆ కూసాన్ని పంతొమ్మిదేళ్ళ కిందట సుంకమ్మ దగ్గరుండి నాటించింది. ఎండా వానా పెట్టెకు తగలకుండా కూసం నెత్తిన ఒక బండ కప్పించింది కూడా ఆమే. పచ్చ బొత్తాం వేలితో నొక్కేది కాదు. ఎండిన తంగేడు పుల్లతో నొక్కేది. 'కరెంటుకు మొగమాటం ఉండదు, నాకూ ఉండదు' అనేది. పని కాగానే పుల్లను బండ కింద సందులో దోపేది. ఆమె పోయినా పుల్ల అక్కడే ఉంది. కుళ్ళాయప్ప కూడా దానితోనే నొక్కేవాడు.

పంతొమ్మిదేళ్ళలో ఆ పెట్టె ఒక్కసారి కింద పడలేదు, ఒక్కసారి తడవలేదు. అదే దాని నేరం అయింది.

పైనెక్కడో కరెంటు శాఖలో ఒక పెద్ద అధికారి ఏదో దూరపు పట్నం చూడబోయాడట. ఆ పట్నంలో ఏటా వరదలు. వరదనీళ్ళు దూరకుండా రోడ్ల పక్కన కరెంటు పెట్టెలను తెల్లటి కాంక్రీటు దిమ్మెల మీద కూర్చోబెట్టారట. ఫ్యాక్టరీలోనే పోతపోసి, లారీలో తెచ్చి, దించి, పెట్టె బిగించి పోవడమే. అధికారికి కళ్ళు చెదిరాయి. వరదలను వదిలేసి దిమ్మెలను మాత్రం మనసులో పెట్టుకుని తిరిగి వచ్చాడు. నెల తిరక్కుండా ఉత్తరువు వచ్చింది.

ఆ ఉత్తరువును సబ్‌స్టేషన్ ముందర షామియానా వేసి చదివారు. చదివింది కరెంటు ఇంజనీరు, ఏఈ విఠల్ సారు. చెడ్డవాడు కాదు. పుస్తకంలో ఉన్నది చేస్తాడు, లేనిది చేయడు, అంతే. ఆయన గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు.

"ఆరుబయట నెలకొని ఉన్న సమస్త విద్యుత్ పరికరముల పేటికలను ఇకమీదట ముందుగా పోతపోసిన కాంక్రీటు దిమ్మెలపై మాత్రమే ప్రతిష్ఠించవలెను. అట్లు ప్రతిష్ఠింపబడని పేటికలు నిరాధార పేటికలుగా పరిగణింపబడును. నిరాధార పేటికలకు విద్యుత్తు సరఫరా చేయబడదు."

రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కుళ్ళాయప్ప లేచాడు.

"దిమ్మె ఎందుకు సార్?"

"వరద వస్తే నీళ్ళు పెట్టెలోకి పోకుండా, పెద్దాయనా."

"ఈ ఊర్లో వరదా?"

"వస్తే?"

"వస్తే గంగమ్మకు పొట్టేలు కోస్తా సార్. మీరే రండి బువ్వకు."

అందరూ నవ్వారు. ఏఈ నవ్వలేదు. డైరీలో ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో తర్వాత తెలిసింది: 'వరద విషయమై రైతులు ఉత్సాహముగా ఉన్నారు.'

మరుసటి వారం చేను చేనుకూ వచ్చి ఫారాలు నింపారు. ఏఈ ముందు, లైన్‌మన్ మద్దిలేటి వెనక. మద్దిలేటిది ఆ ఊరే. కుళ్ళాయప్పను మామా అంటాడు. సుంకమ్మ చేతి ఉగ్గాని తిని పెరిగినవాడు.

ఏఈ కూసం చుట్టూ ఒకసారి తిరిగాడు. పెట్టెను, బండను, సందులో పుల్లను చూశాడు. ఫారం తీశాడు.

"పేటిక ఎన్నాళ్ళుగా ఉంది?"

"పంతొమ్మిదేళ్ళు."

"అమరిక స్వభావం. శాశ్వతమా, తాత్కాలికమా?"

ఏఈ వెనక మద్దిలేటి చెవి గోక్కున్నాడు, దగ్గాడు, అరచెయ్యి అడ్డంగా ఆడించాడు. పూతకొచ్చిన చీనీ తోటలో ఈగలు ముసురుతుంటాయి. మద్దిలేటి ఈగలు తోలుకుంటున్నాడనుకున్నాడు కుళ్ళాయప్ప.

"శాశ్వతమే సార్" అన్నాడు, ఛాతీ కొంచెం ముందుకు పెట్టి. "నాటించింది మా ఆడమనిషి. భూమి అదిరినా అది కదలదు."

"శాశ్వతం" అని రాసుకున్నాడు ఏఈ.

మద్దిలేటి చెయ్యి ఆడించడం మానేసి నేల చూశాడు.

పక్క చేను రంగప్పది. ఏఈ అక్కడికి పోయేసరికి రంగప్ప తన స్టార్టరు చుట్టూ నాలుగు కట్టెలు పాతి, పైన బోదగడ్డి కప్పేసి, లోపల ఒక చాప కూడా వేశాడు. ఆరుబయట కాదు, ఇంట్లో ఉంది కాబట్టి ఉత్తరువు దానికి వర్తించదు. ఏఈ తల వంచి ఆ ఇంట్లోకి దూరి, చాప మీద కూర్చుని, ఇల్లే అని ఒప్పుకుని లేచాడు. ఆ సాయంత్రానికి ఊళ్ళో ప్రతి స్టార్టరుకూ ఇల్లు లేచింది. కుళ్ళాయప్ప ఒక్కడే మిగిలాడు. అతనూ నాలుగు కట్టెలు పాతబోయాడు గాని, మద్దిలేటి అడ్డం పడ్డాడు.

"వద్దులే మామా. నీ పేరు ఫారంలో ఎక్కిపోయింది. శాశ్వతం అని రాసినాక దిమ్మె మంజూరు అయినట్టే. మంజూరైన దిమ్మెను వద్దనేదానికి ఫారం లేదు."

"అయితే ఇప్పుడేం చేస్తావు?"

"పెట్టె విప్పాల. దిమ్మె వచ్చేదాకా."

"ఎప్పుడొస్తాది?"

"వచ్చినప్పుడు."

ఫాల్గుణం చివర్లో పెట్టె విప్పారు. కూసం ఒట్టిగా నిలబడింది. బండ, పుల్ల అట్లాగే ఉన్నాయి. పిందెలు అప్పుడే గోలీలంత అవుతున్నాయి.

దిమ్మె పన్నెండు రోజులకు వచ్చింది, మూడు వందల కిలోమీటర్ల దూరం నుంచి, లారీ మీద, వెనక ఒక క్రేనుతో. నాలుగడుగుల చదరం, అరడుగు మందం, నడుమ తీగలు పోవడానికి ఒక బొక్క. దాని మీద పెట్టవలసిన స్టార్టరు పెట్టె బియ్యం డబ్బా అంత. లారీ గట్టు మీద ఆగిపోయింది. క్రేను తోటలోకి దిగాలంటే దారి లేదు. చెట్లున్నాయి.

"చెట్లు అడ్డంగా ఉన్నాయి పెద్దాయనా" అన్నాడు ఏఈ.

"అవి ముందు నుంచీ ఉండాయి సార్. అడ్డం వచ్చింది లారీ."

"దిమ్మె లోపలికి పోకపోతే పెట్టె ఎక్కదు. పెట్టె ఎక్కకపోతే కరెంటు రాదు. మీ ఇష్టం."

కుళ్ళాయప్ప ఇంటికి పోయి గొడ్డలి తెచ్చాడు. కూలివాళ్ళు ముందుకొస్తే వద్దన్నాడు. తన చెట్లు తానే కొట్టాడు. ఆరు. ఒక్కో చెట్టుకూ పదకొండేళ్ళు. కొట్టేటప్పుడు ఎవరి వైపూ చూడలేదు. ఆరో చెట్టు కింద పడ్డాక గొడ్డలి భుజాన వేసుకుని, "పోనీండి మీ దిమ్మెను" అన్నాడు.

దిమ్మె లోపలికి పోయింది. బోరు పక్కన గుంత తీసి, కంకర పరిచి, నిమ్మళంగా దించారు. లారీ డ్రైవరు తాళ్ళు విప్పుతూ, "ఇంగ పెట్టె బిగిచ్చుకోండి సార్, అయిపాయ" అన్నాడు.

"ఎట్లా అయిపోతుంది? క్యూరింగ్ కావద్దూ?"

"ఫ్యాక్టరీలోనే నీళ్ళు పట్టి, ఆరబెట్టి తెచ్చినాం సార్. అందుకే కదా ముందే పోతపోసేది."

విఠల్ సారు చంకలోంచి పుస్తకం తీశాడు. "కాంక్రీటుకు ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళు పట్టాలని ఉంది ఇక్కడ. ఇది కాంక్రీటా కాదా?"

"కాంక్రీటే సార్."

"మరి?"

డ్రైవరు తాళ్ళు చుట్టి లారీలో వేశాడు. బండెక్కి పోయాడు.

అలా దిమ్మెకు క్యూరింగ్ మొదలైంది. చుట్టూ జానెడు మట్టికట్ట కట్టారు. పైన గోనెపట్టాలు పరిచారు. ఎండకు బీటలు వారకుండా నాలుగు గుంజలు పాతి ఆకుపచ్చ వల కట్టారు. రోజూ పొద్దున ఒక ట్యాంకరు వచ్చేది, అయిదు వేల లీటర్లు. మద్దిలేటి గొట్టం పట్టుకుని దిమ్మెకు నీళ్ళు కొట్టేవాడు, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. మిగతా టైములో కుక్కలు, మేకలు దిమ్మె ఎక్కకుండా కాపలా కాసేవాడు. వల నీడలో దిమ్మె చల్లగా, తడిగా, నల్లగా నిగనిగలాడుతుండేది. దాని చుట్టూ రెండు వందల పద్నాలుగు చెట్లు ఆకులు ముడుచుకుని నిలబడి చూస్తుండేవి.

నాలుగో రోజు కుళ్ళాయప్ప అడిగాడు. "మద్దిలేటీ, ఆ గొట్టం ఇట్ల తిప్పు."

"నావల్ల కాదు మామా. ఇవి దిమ్మె నీళ్ళు."

"దిమ్మె ఎన్ని తాగుతాది?"

"అది తాగదులే మామా. పైన పోస్తాం, కిందికి పోతాది. రాసుకునేది మాత్రం దిమ్మె తాగినట్టే."

ఆ రోజే రంగప్ప గట్టు దాటి వచ్చాడు. చేతిలో పార. "కుళ్ళాయప్పా, నా బోరు సన్నంగా పోస్తాండాది గాని, దినానికి రెండు గంటలు నీ దిక్కు తిప్పుకో. చెట్లు బతుకుతాయి" అన్నాడు.

కుళ్ళాయప్ప అతని పారను చూశాడు గాని ముఖం చూడలేదు. సుంకమ్మ పదకొండో రోజున రంగప్ప రాలేదు. ఆ రోజు అతనికి ఏదో పెళ్ళి ఉండింది. నాలుగేళ్ళయింది. నాలుగేళ్ళు పెద్ద కాలమని అనుకునేవాళ్ళు కుళ్ళాయప్పను ఎరగరు.

"నీ నీళ్ళు నాకొద్దు."

"నాకోసం కాదప్పా, చెట్ల కోసం..."

"చెట్లకూ వద్దు. గట్టు దిగు."

రంగప్ప దిగాడు. మళ్ళీ రాలేదు.

దిమ్మెకు నాలుగు గజాల దూరంలో ఒక చెట్టుంది. తోటలో సుంకమ్మ నాటిన మొదటి మొక్క అదే. కుళ్ళాయప్ప ఒక మధ్యాహ్నం మద్దిలేటి సద్ది తినడానికి పోయిన సందు చూసుకుని, మట్టికట్టకు అడుగున వేలెడు బొక్క చేసి, అక్కణ్ణుంచి ఆ చెట్టు మొదలు దాకా బెత్తెడు కాలువ గీశాడు. పైన ఎండుటాకులు కప్పాడు. దిమ్మె తాగక వదిలేసిన నీళ్ళు చెట్టుకు పోయాయి. తిరిగొచ్చిన మద్దిలేటికి అంతా కనిపించింది. ఏమీ కనిపించనట్టు గొట్టం పట్టుకున్నాడు.

పది రోజుల తర్వాత ఏఈ తనిఖీకి వచ్చాడు. గోనెపట్టాలు ఎత్తి చూశాడు, తృప్తిపడ్డాడు. తోట మొత్తం ఒకసారి కలియజూశాడు. ఎండిన చెట్ల మధ్య నుంచి ఆగకుండా నడిచాడు. ఒకచోట ఆగాడు.

"ఈ చెట్టు పచ్చగా ఎందుకుంది?"

ఏఈ బూటుకాలితో ఎండుటాకులు జరిపాడు. కాలువ బయటపడింది.

మూడో రోజు నోటీసు వచ్చింది. 'దిమ్మెకు ఉద్దేశింపబడిన జలములను అనధికారికముగా వృక్షమునకు మళ్ళించి, దిమ్మె యొక్క దృఢత్వమునకు భంగము కలిగించినందున మీపై చర్య ఎందుకు తీసుకొనరాదో ఏడు దినములలో లిఖితపూర్వకముగా సంజాయిషీ ఇవ్వవలెను.'

కుళ్ళాయప్ప ఏడు రోజులు ఆగలేదు. నోటీసు వెనకనే బడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలతో రాసి ఇచ్చేశాడు. 'చెట్టు అడిగింది. ఇచ్చినాను. దిమ్మె అడగలేదు.'

ఆఫీసులో ఆ సంజాయిషీని మూడు విభాగాలు పరిశీలించాయి. చెట్టు నుంచి లిఖితపూర్వకమైన అర్జీ జతపరచనందున తోసిపుచ్చాయి. కాలువను సిమెంటుతో పూడ్చారు. ఆ సిమెంటుకు కూడా నీళ్ళు పట్టారు.

ఇరవై ఎనిమిది రోజులు పూర్తయ్యాయి. గోనెపట్టాలు తీశారు. పెట్టె దిమ్మె మీదికి ఎక్కింది. దిమ్మెను పరీక్షించడానికి జిల్లా నుంచి ప్రత్యేకాధికారి వచ్చాడు. ఆయన పేరు పరబ్రహ్మం. దిమ్మెల కోసమే కొత్తగా సృష్టించిన ఉద్యోగం ఆయనది. వేరే పనేమీ లేదు కాబట్టి ఆ పని చాలా శ్రద్ధగా చేసేవాడు. ఆయన సంచిలో మఖమల్ గుడ్డలో చుట్టిన ఒక రసమట్టం ఉంది. మేస్త్రీలు గోడ సమంగా ఉందో లేదో చూసుకునే బద్దే అది. గాజుగొట్టంలో బుడగ నడుమ గీతల మధ్య నిలిస్తే మట్టం సరిగ్గా ఉన్నట్టు.

పరబ్రహ్మం గారు వంగి రసమట్టాన్ని దిమ్మె మీద పెట్టాడు. బుడగ నడుమకు వచ్చి నిలిచింది.

"సమతలము సిద్ధించినది. ఇక విద్యుత్తును ప్రవహింపజేయుడు."

మద్దిలేటి తీగ కలిపాడు. కుళ్ళాయప్ప కూసం దగ్గరకు పోయి సందులోంచి తంగేడు పుల్ల తీశాడు. పచ్చ బొత్తాం నొక్కాడు. పెట్టె గుయ్యిమంది. నేలలో ఎక్కడో మోటారు లేచింది. పైపు దగ్గింది, బుసకొట్టింది, ఎర్రటి నీళ్ళు కక్కింది. తర్వాత తెల్లటి నీళ్ళు వచ్చాయి. తొట్టిలోంచి దూకి కాలువ పట్టాయి. నలభై ఒక్క రోజుల తర్వాత తోటలోకి నీళ్ళు. కుళ్ళాయప్ప పారతో ముందు పరిగెత్తాడు. నీళ్ళు వెనక పరిగెత్తాయి. మొదటి వరసలో మూడో చెట్టు దాకా వచ్చాయి.

"ఆపుడు!"

కుళ్ళాయప్ప వెనక్కి తిరిగాడు. పరబ్రహ్మం గారు చెయ్యి పైకెత్తి, రసమట్టం మీదికి వంగి ఉన్నాడు. నేల కింద మోటారు ఎంత లోతున ఉన్నా, పైపు అదిరేది పైనే. పైపుతో దిమ్మె, దిమ్మెతో రసమట్టం, రసమట్టంలో బుడగ. బుడగ నిలవడం లేదు. చలికి వణికే ముసలాడి గడ్డంలాగా వణుకుతోంది.

"చలనము" అన్నాడు పరబ్రహ్మం గారు, పాము కనబడినవాడిలాగా.

"మోటారు తిరుగుతాండాది కదా సార్, ఆ మాత్రం అదురు ఉంటాది" అన్నాడు మద్దిలేటి.

"దిమ్మె స్థిరముగా ఉండవలెనని నిబంధన. బుడగ చలించుచున్నది. కావున దిమ్మె అస్థిరము. విద్యుత్తు నిలుపుడు."

మద్దిలేటి తీగ తీసేశాడు. మోటారు ఆగింది. పైపు రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఊరుకుంది. కాలువలో నీళ్ళు మూడో చెట్టు దగ్గరే ఇంకిపోయాయి. గాజుగొట్టంలో బుడగ నిదానంగా నడుమకు వచ్చి నిలిచింది.

పరబ్రహ్మం గారి ముఖం విచ్చుకుంది. "ఇప్పుడు స్థిరము."

"మళ్ళీ వేద్దామా సార్?" అన్నాడు ఏఈ.

మళ్ళీ వేశారు, బుడగ వణికింది. తీశారు, నిలిచింది. అయిదుసార్లు వేసి తీశారు. ఆరోసారి పరబ్రహ్మం గారు నడుముకు చేతులు పెట్టుకుని నిటారుగా నిలబడి నిర్ధారణ ప్రకటించాడు. "దోషము దిమ్మెలో లేదు. విద్యుత్తులో ఉన్నది. విద్యుత్తు లేనంతకాలము ఈ దిమ్మె జిల్లాలోకెల్లా అత్యంత స్థిరమైన దిమ్మె."

కుళ్ళాయప్ప పార నేలకు ఆనించాడు. "మరి మోటారు సార్?"

"మోటారు వేరే విభాగము."

"చెట్లు?"

"అది వేరే శాఖ."

"ఆ దిమ్మె తెచ్చింది మోటారు పెట్టె కోసమే కదా సార్?"

పరబ్రహ్మం గారు జాలిగా నవ్వాడు. "పెద్దాయనా, మీరు మూలము నుండి ఆలోచించుచున్నారు. మేము పీఠము నుండి ఆలోచింతుము."

పెట్టె బరువుకు కూడా బుడగ ఎప్పుడైనా కదలవచ్చునన్న అనుమానంతో, వెళ్ళేముందు పెట్టెను దింపించాడు. ధ్రువపత్రంలో మూడు చోట్ల 'స్థిరము' అని ముద్ర వేశాడు.

ఆ తర్వాత దిమ్మె ఒట్టిగా ఉండిపోయింది. ఒట్టిగా ఉన్నందువల్లే పేరు తెచ్చుకుంది. జిల్లాలో మిగతా దిమ్మెల మీద పెట్టెలున్నాయి, పెట్టెల్లో కరెంటుంది, కాబట్టి అన్నిటికీ ఏదో ఒక వణుకు ఉంది. ఇదొక్కటే మచ్చలేనిది. దీనికి 'ఆదర్శ దిమ్మె' అని బోర్డు రాశారు. పక్క మండలాల నుంచి ఏఈలు బండ్లలో వచ్చి, చెప్పులు గట్టు మీద విడిచి, రసమట్టం పెట్టి చూసి, బుడగ నిలవగానే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఊపుకునేవాళ్ళు. ఎండలో వచ్చిన వాళ్ళకు చెట్టు నీడ దొరికేది కాదు. ఆకులు రాలిపోయాయి. ఆకుపచ్చ వల కింద దిమ్మె పక్కన కూర్చునేవాళ్ళు.

వైశాఖం నడుమకు తోట పోయింది. రాలిన పిందెలు నల్లగా ముడుచుకుని మేకపెంటికల్లా పడి ఉండేవి. సుంకమ్మ నాటిన మొదటి చెట్టు ఒకటే రెండు కొమ్మలతో పచ్చగా మిగిలింది. పది రోజులు దొంగతనంగా తాగిన నీళ్ళవి.

జ్యేష్ఠంలో సన్మానం పెట్టారు. అందరికన్నా పై అధికారి, మొదట్లో ఆ దూరపు పట్నం చూసివచ్చిన ఆయనే, స్వయంగా దిమ్మెను చూడటానికి వస్తున్నాడు. తోటలో మిగిలిన మొద్దులు కొట్టి చదును చేసి షామియానా వేశారు. కుర్చీలు, కూలర్లు, మైకు తెచ్చారు. దిమ్మె మీద ఒక రసమట్టం పెట్టి, చుట్టూ బంతిపూల దండ వేశారు. దండ దిమ్మెకు తగలకుండా పుల్లలు పాతి వాటికి కట్టారు.

మైకుకు, కూలర్లకు కరెంటు కావాలి. మైకువాడు స్విచ్చిబోర్డు పట్టుకుని వచ్చి దిమ్మె దగ్గర నిలబడ్డాడు.

"దాని మీద పెట్టగూడదు!" అని ఏఈ కేక వేశాడు.

"మరి యాడ పెట్టాల సార్?"

ఏఈ అటూ ఇటూ చూశాడు. "ఆ కూసానికి తగిలించు."

మైకువాడు రాతి కూసానికి బోర్డు తగిలించాడు. సుంకమ్మ కప్పించిన బండ సరిగ్గా దాని నెత్తిన నీడ పట్టింది. పాత మేకులే. పెట్టె విప్పినప్పటి బొక్కలే. మద్దిలేటి స్తంభం నుంచి తీగ లాగి కలిపాడు. కూలర్లు లేచాయి.

కుళ్ళాయప్ప వచ్చి కూసం ముందు నిలబడ్డాడు.

"సార్" అన్నాడు ఏఈతో. "ఇది ఆరుబయట కాదా?"

"ఆరుబయటే."

"దిమ్మె మీద లేదు కదా?"

"ఇది తాత్కాలికం పెద్దాయనా. ఉత్తరువు శాశ్వతమైన వాటికే. తాత్కాలికమైనవి ఎన్నేళ్ళయినా, ఎక్కడైనా పెట్టుకోవచ్చు." ఏఈ పుస్తకం తీసి చూపించాడు కూడా. ఎనిమిదో పేజీ. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు.

కుళ్ళాయప్ప మద్దిలేటి వైపు తిరిగాడు. మద్దిలేటి కళ్ళు ఎత్తలేదు.

"ఆ పొద్దు చెయ్యి ఆడిస్తాంటివి" అన్నాడు కుళ్ళాయప్ప.

"తాత్కాలికం అని చెప్పమని సైగ చేసినా మామా. ఎంత ఆడిచ్చినా నువ్వు చూడకపోతివి."

"ఈగలనుకుంటి."

"తాత్కాలికం అని ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది మామా. ఒక్క మాట."

కుళ్ళాయప్ప తల ఎత్తి కూసాన్ని, మీది బండను చూశాడు. ఆ మాట తన నోట రానిదే. మరోసారి అడిగినా అదే చెప్తాడు. అది శాశ్వతమే.

సభ మొదలైంది. పై అధికారి ముప్పావు గంట మాట్లాడాడు. పునాది గురించి, జాతి గురించి, జాతికి పునాది గురించి చెప్పాడు. ఈ దిమ్మెను చూస్తే తన కళ్ళు చెమర్చుతున్నాయన్నాడు. కూలర్ల గాలికి దుమ్ము లేచి నిజంగానే చెమర్చాయి. పరబ్రహ్మం గారికి శాలువా కప్పారు. ఏఈకి జ్ఞాపిక ఇచ్చారు. దాని ఆకారం చిన్న దిమ్మె.

"ఇప్పుడు లబ్ధిదారు శ్రీ కుళ్ళాయప్ప గారు ఆదర్శ దిమ్మె గురించి రెండు ముక్కలు చెప్తారు."

చప్పట్లు. కుళ్ళాయప్ప లేచి మైకు దగ్గరకు పోలేదు. ముందు కూసం దగ్గరకు పోయి బండ కింద సందులోంచి తంగేడు పుల్ల తీసుకున్నాడు. దాన్ని చేతిలో పట్టుకుని అప్పుడు మైకు ముందుకు వచ్చాడు. ఇన్ని జతల కళ్ళ ముందు అతను ఎప్పుడూ నిలబడలేదు. వెనక వరసలో రంగప్ప కూడా ఉన్నాడు. కుళ్ళాయప్ప ఎవరినీ చూడలేదు. షామియానా అంచు అవతల, ఎండలో, రెండు కొమ్మల చెట్టు ఉంది. దాన్నే చూశాడు.

"రెండు వందల ఇరవై చెట్లు" అన్నాడు. ఆగాడు. "ఒకటి ఉండాది."

పై అధికారి పక్కకు వంగి, "ఏమంటున్నాడు?" అని అడిగాడు. "గణాంకములు చెప్పుచున్నాడు సార్" అన్నాడు పరబ్రహ్మం గారు.

"ఈ దిమ్మె గురించి నన్ను ఎవురూ ఏమీ అడగొద్దండి. పెద్ద సారు అడిగినా, దేవుడు అడిగినా. ఈ పొద్దు నుంచి చచ్చేదాకా నేను దీని మాట ఎత్తను."

మైకు వదిలి నేరుగా కూసం దగ్గరకు నడిచాడు. పుల్ల చివరతో స్విచ్చి పైకి నెట్టాడు. కూలర్లు మూలిగి ఆగాయి. మైకు గుర్రుమని మూగపోయింది. దిమ్మె మీది రసమట్టంలో బుడగ మాత్రం కదలకుండా నడుమనే ఉంది. అందరూ అది చూసి చప్పట్లు కొట్టారు.

ఆ సంవత్సరం శాఖవారు వేసిన చిన్న పుస్తకంలో కుళ్ళాయప్ప ఫోటో పడింది. కింద ఇలా ఉంది: 'ఆదర్శ దిమ్మె తన జీవితములో తెచ్చిన మార్పును వివరించబోయి, ఆనందముతో నోట మాట రాని లబ్ధిదారు.'

దిమ్మె ఇంకా అక్కడే ఉంది. చూడటానికి ఇప్పటికీ జనం వస్తుంటారు. కుళ్ళాయప్ప రోజూ రెండు కడవలు ఊరిబావి నుంచి మోసుకొచ్చి ఆ ఒక్క చెట్టు మొదట్లో పోస్తుంటాడు. వచ్చినవాళ్ళు పలకరిస్తారు. దిమ్మె గురించి అడుగుతారు. అతను కడవ దించి, చేతులు తుడుచుకుని, చెట్టు మీద కొత్తగా వచ్చిన చిగురు చూపిస్తాడు. చిగురు సంగతి ఎంతసేపైనా చెప్తాడు. రెండోసారి దిమ్మె మాట ఎత్తితే, కడవ మళ్ళీ భుజానికెత్తుకుని బావి దారి పడతాడు.